రంగం పోయిన ఓబయ్య పాలు

కృష్ణపట్నానికి దక్షిణాన ఉన్న ఆ పట్టపుపాళెంలో, అంటే జాలరుల పల్లెలో, పెద్దకాపు కామాక్షయ్య ఒక అఖిల భారత సంస్థలో సభ్యుడు కావడం చరిత్రలో ఒక ఘట్టం. ఆ చరిత్ర ఆయన ఒక్కడికే తెలుసు, అది వేరే మాట. 1965లో బర్మా నుంచి మనవాళ్లు కట్టుబట్టలతో ఓడలెక్కి వస్తుంటే, ఢిల్లీలో బర్మా కాందిశీకుల హక్కుల సమాఖ్య వెలిసింది. దాని మనుషులు మద్రాసు ఓడరేవులో నిలబడి, దిగినవాళ్లను ఏ ఊరని అడిగి నెల్లూరుకు కబురంపేవారు. నెల్లూరు శాఖ కార్యదర్శి క్రీస్తురాజు సైకిలెక్కి ఆ ఊరి పెద్దను పట్టుకునేవాడు. అలా పట్టుబడ్డవాడే కామాక్షయ్య. ఖద్దరు కండువా వేసుకుని నెల్లూరు సభలో "వచ్చినోళ్లు పరాయోళ్లు కాదు, మన పేగు" అని గద్గదంగా మాట్లాడాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ చప్పట్లు చెవుల్లో ఉండగానే సమాఖ్య ఆయన దగ్గరికి ముత్యాలయ్యను పంపింది.

ముత్యాలయ్య రంగూన్‌లో, అంటే పాళెం వాళ్ల మాటలో రంగంలో, పుట్టినవాడు. తండ్రి ఓబయ్య గాలివానకు ఇల్లూ పడవా పోగొట్టుకుని రంగం వెళ్లి, బియ్యం మిల్లులో మూటలు మోసి, అక్కడే కన్నుమూశాడు. తండ్రి ఊరని కొడుకు ఇక్కడికి వచ్చాడు.

"పెద్దకాపు గారూ, మా సమాఖ్య మొట్టమొదట అడిగేది ఇదే," అన్నాడు క్రీస్తురాజు. "ఈయన తండ్రికి ఇక్కడ పొలం గానీ ఇల్లు గానీ ఉన్నాయా? ఎవరి చేతిలో ఉన్నా ఇప్పించే పూచీ మాది. కావాలంటే మద్రాసు నుంచి వకీలు వస్తాడు."

"పట్టపోళ్లకి పొలమేందయ్యా! ఇల్లు గాలివానకి పోయింది," అన్నాడు కామాక్షయ్య. ప్రతి అక్షరమూ నిజం.

ఢిల్లీ పెద్దలకు తట్టని ఆస్తి ఒకటుంది. పాళెంలో అలివి వల ఊరందరిదీ. సముద్రంలో వదిలి, రెండు కొసల తాళ్లూ పట్టుకుని ఒడ్డున నిలబడి అందరూ లాగుతారు. పడిన చేపల్ని పేరుకో పాలు, అంటే వాటా, చొప్పున కుప్పలు పోసి, చిన్నపోలయ్య అనే ముసలాయన ఒక్కొక్క పాలుదారు పేరూ పిలుస్తాడు. ఆ ఇంటివాళ్లు "పలికితిని" అంటేగాని తరువాతి కుప్ప పిలవరాదు. మనిషి పోయినా పాలుకు పేరు మార్చరు. ఓబయ్య రంగం పోతూ "నేనొచ్చిందాకా నా పేరుకి నువ్వు పలుకు" అని కామాక్షయ్య తండ్రికి చెప్పాడు. తండ్రి పలికాడు. ఆయన తరువాత కామాక్షయ్య పలుకుతున్నాడు. మాట ఇంత శ్రద్ధగా నిలబెట్టిన వంశం అరుదు.

ఇప్పుడు ఇచ్చేయరాదా అంటే, ఆ రెండో కుప్పతోనే ఇంటికి పెంకులు పడ్డాయి. అందుకని కామాక్షయ్య తక్కినవన్నీ చేశాడు. గుడిసెకు చోటు చూపించాడు, తాటాకు కొట్టించాడు, తాలూకా కచేరీలో అరిచి రేషను ఇప్పించాడు, ముత్యాలయ్యను వల లాగే కూలిగా పెట్టాడు.

మొదటిరోజు పొద్దున వల ఒడ్డెక్కింది.

"ఓబయ్య పాలూ!" అని పిలిచాడు చిన్నపోలయ్య.

"పలికితిని," అంటూ కామాక్షయ్య భార్య చెంచమ్మ అలవాటు చొప్పున గంప పెట్టింది.

ముత్యాలయ్య తాడు వదిలేసి నిలబడిపోయాడు. "మామా! ఊరు నన్ను మరిచిపోయుంటదిరా అని మా నాయన పొయ్యేటప్పుడు ఏడ్చినాడు. మీరేమో దినామూ పేరు పెట్టి పిలస్తా ఉండారే! ఆ చేపలు ఆయన పేరున ఎవురికన్నా పెడతారా మామా?"

"పెడతాం," అన్నాడు కామాక్షయ్య. అదీ నిజమే. మధ్యాహ్నం చెంచమ్మ ఆయన కంచంలోనే పెట్టింది.

ముద్ద దిగలేదు.

"ఏందయ్యా, ముల్లు గుచ్చుకుందా?"

"వంజరంలో ముల్లేడుందే!"

"నెల్లూరులో పేగు పేగని అరిచినావంటనే, అది అడ్డం పడిందేమో చూసుకో. గంప పట్టుకోమంటే పట్టుకున్నా. పలకమన్నది నువ్వు."

తరువాతి వారం ఢిల్లీ నుంచి సమాఖ్య పెద్ద ఒడ్డుకే వచ్చాడు. ఆయన హిందీలో అడిగింది క్రీస్తురాజు తెలుగులో చెప్పాడు: "నీకు రావలసింది ఇక్కడ ఎవరైనా అట్టిపెట్టుకున్నారా? భయం లేకుండా చెప్పు."

"మామ ఉండగా నాకేం తక్కువ సామీ!" అని ముత్యాలయ్య, ఢిల్లీ పెద్దకోసం తెచ్చిన దండ తీసి కామాక్షయ్య మెడలో వేశాడు. ఇంకొక్కసారి అడిగితే బాగుండునని కామాక్షయ్యకు అనిపించింది. ఢిల్లీ పెద్ద అడగలేదు. బంతిపూలు మెడంతా దురదపెట్టాయి. ఈలోగా వల ఒడ్డెక్కింది, కుప్పలు పడ్డాయి.

"ఓబయ్య పాలూ!"

చెంచమ్మ పలకలేదు. మొగుడి వంక చూసింది. చిన్నపోలయ్య మళ్లీ పిలిచాడు. ఎవరూ పలకకపోతే తరువాతి కుప్పకు పోరాదు గనక ఊరంతా ఆగింది. ఇసకలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ముత్యాలూ," అన్నాడు కామాక్షయ్య. "ఆ పాలు నీదిరా. పలుకు."

"నాదా? మరి ఇన్నేళ్లూ ఆ చేపలు ఎవురికి పెట్టినారు మామా?"

ఊరు ఊరంతా సముద్రాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. చెంచమ్మ ఖాళీ గంప తెచ్చి ముత్యాలయ్య కాళ్ల దగ్గర పెట్టింది. అతడు గంపను చూశాడు, దిబ్బ మీది పెంకుటింటిని చూశాడు, కామాక్షయ్య మెడలో దండను చూశాడు.

"పలికితిని," అన్నాడు మెల్లగా.

ఏమీ అర్థంకాని ఢిల్లీ పెద్ద చప్పట్లు కొట్టాడు.

గడిచిన ఏళ్ల ఊసు ముత్యాలయ్య ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా కామాక్షయ్యకు అన్నం దిగేది. ఆ రోజు నుంచి ఒక్క మార్పే. "మామా" అనడం మానేసి, ఎదురుపడితే కండువా తీసి, "దండాలు పెద్దకాపు గారూ" అంటాడు. పాళెంలో ఆయనను గారూ అనేవాడు ఇంకొకడు లేడు. అది తప్పించుకోవడానికి కామాక్షయ్య ఇప్పుడు ఒడ్డుకు సరుగుడు తోపు వెనకగా చుట్టు తిరిగి వస్తున్నాడు.