నా నెత్తికి క్యూరింగ్

ఆ రోజుల్లో కామాటిపురా చాళ్లలో, ఆ ఒంటిగది ఇళ్ల వరసల్లో, ఎవరికి ఏ కష్టమొచ్చినా అది అందరిదీ అయిపోయేది. జ్వరమొస్తే అందరూ కషాయం పోసేవారు, జుట్టు రాలితే అందరూ పేరు పెట్టేవారు. పాతికేళ్లు నిండీ నిండకముందే నా నుదురు నడినెత్తి దాకా పాకింది, నేను 'టకలా'నయ్యాను. దాన్నయినా భరించేవాణ్ణే, కానీ వర్లిలో ఒక సంబంధం కుదిరేలా ఉంది. మా అమ్మ వాళ్లకు పంపిన ఫోటో నాకు ఉంగరాల జుట్టున్న కాలం నాటిది. (అబద్ధమేమీ కాదు, అందులో ఉన్నది నేనే. కాకపోతే పాత నేను.) వాళ్లు పంపిన పిల్ల ఫోటో నా దిండు కింద ఉండేది. ఆ పిల్ల నన్ను చూసి వద్దంటే నేనేం కావాలని నాకు నిజంగానే దిగులుగా ఉండేది.

అప్పుడు నేను నాగ్‌పాడాలో ఒక చర్మం డాక్టరు దగ్గర కాంపౌండర్ని. వెనక జుట్టు తీసి ముందు నాటే విద్య ఆయన కొత్తగా నేర్చుకొచ్చాడు. చెయ్యి తిరగడానికి ఒక తల కావాలి, నా తల ఖాళీగానే ఉంది. నాటడమయ్యాక కట్టు విప్పుతూ ఆయన చెప్పింది ఇదీ: "ఇవి రాలిపోయి మళ్లీ మొలుస్తాయి, కంగారుపడకు. కడిగేటప్పుడు మాత్రం రుద్దొద్దు, మగ్గుతో మెల్లగా పోసుకో." వినడానికి సులువే. కానీ మా చాళ్లో తలస్నానమంటే కుంకుడుకాయ రసం, మా అమ్మ గోళ్లు.

తెల్లవారి నల్లా దగ్గర నేను తల వంచుకుని కూర్చోగానే అమ్మ కొంగు బిగించింది. "రుద్దకుంటె మురికెట్ల పోతదిరా?" స్లాబులు పోయించే మేస్త్రి మా నాయిన, పళ్లు తోముకుంటున్నవాడల్లా పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, చెయ్యి తియ్యి! నిన్న పోసిన స్లాబును ఎవరన్న రుద్దుతరా? ఆరామ్‌సే తడుపుకుంట క్యూరింగ్ చెయ్యాలె, గంతే." డాల్డా డబ్బాకు మేకుతో తూట్లు పొడిచి, జల్లులా నీళ్లు చల్లాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగితే ఆయన మా నాయిన ఎందుకవుతాడు? కొత్త స్లాబు ఎండకు పగులుతుందని తడి గోనెపట్టా తెచ్చి నెత్తిన కప్పేశాడు. "నాయినా, ఇది సిమెంటు గాదే" అంటే, "పచ్చిగున్నది ఏదైన ఒక్కటేరా, కదలకు" అన్నాడు. ఇక చాళ్లో పనికి పోయేవాళ్లు పోతూ పోతూ నామీద చెంబెడు నీళ్లు చల్లిపోయేవారు. (అందరూ ఆ పనిలోవాళ్లే, పట్టా ఎండితే వాళ్ల మనసు ఒప్పేది కాదు.)

ఒకరోజు పొద్దున నేను అలాగే గోనె కప్పుకుని నల్లా పక్కన కూర్చున్నాను. పక్క గల్లీలో నీళ్లు రాలేదని ఒక పిల్ల బాల్టీ పట్టుకుని వచ్చింది. గోనె సందులోంచి చూశాను. నా దిండు కింది పిల్లే! చిన్నమ్మ ఇంటికి వచ్చిన వంకతో నన్ను తన కళ్లతో చూసిపోదామని వచ్చిందట. మా నాయినకు అదేం తెలుసు? "బిడ్డా, జర ఆ డబ్బా అందుకుని నీళ్లు చల్లుతవా? నేను పట్ట లేపుత" అన్నాడు. పట్టాతోపాటు నాటిన వెంట్రుకలు కొన్ని లేచి వెళ్లాయి. నేను కళ్లు మూసుకున్నాను. పెళ్లి అక్కడితో సరి అనుకున్నాను.

చాలాసేపు జల్లు మెత్తగా పడుతూనే ఉంది. "కాకా, గట్టిపడేదాక ఇట్లనే తడపాల్నా?" అని అడిగింది.

"అవు బిడ్డా. తొందరపడి సెంట్రింగ్ చెక్కలిప్పితె స్లాబు కూలుతది."

ఆ పిల్ల కిసుక్కున నవ్వి, బాల్టీ అక్కడే మరిచి వెళ్లిపోయింది.

నేను ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం వాళ్ల చిన్నమ్మ బాల్టీ కోసం వచ్చి మా అమ్మతో చెప్పింది: "ఒక్క నెత్తిని వాడకట్టంత గింత పయిలంగ చూస్తుంటె నన్నెట్ల చూసుకుంటరో అంటున్నది పిల్ల. ముహూర్తం పెట్టుకోమన్నది."

డాక్టరు చెప్పినట్టే అన్నీ రాలి, పెళ్లయ్యాక మొలిచాయి. ఇప్పుడు వాటి వెనకున్న సొంత జుట్టంతా పోయింది, ముందు మాత్రం నాటిన వరుస ఇంకా నిలబడే ఉంది. ఆదివారం తలస్నానానికి కూర్చుంటే మా ఆవిడ ఈనాటికీ రుద్దదు. చెంబు మెల్లగా వంచుతూ, "ఇంక గట్టిపడలే" అంటుంది. ఆ గోనెపట్టా కింద కళ్లు మూసుకుని వణికిన కుర్రాడు గుర్తొచ్చి, ఇంకో చెంబు పొయ్యమంటాను.