రుక్మిణమ్మ తల్లి నుదుటి బొట్టు

ముప్పై ఏళ్లకు పైగా పత్రికలో పనిచేశాను. ఇద్దరు మనుషులు చెబితే తప్ప ఏ మాటా అచ్చుకు పంపలేదు. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం రెండో మనిషి లేడు. ఆ రాత్రి ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను... నమ్మడం, మానడం మీ ఇష్టం. నేను మాత్రం ఒక్క ముక్క కూడా కలపను.

మేముండేది చిక్కపేట వెనక సందులో, రెండో అంతస్తు. రిటైరయ్యాక పెన్సిల్‌తో మొహాలు గీయడం అలవాటు చేసుకున్నాను. ఎదురుగా ఫోటో ఉండాలి. ఊహించి గీయడం నాకు రాదు. కింద గదిలో రుక్మిణమ్మ జాకెట్లు కుడుతుంది. వాళ్లది దొడ్డబళ్ళాపురం, మగ్గాల ఇల్లు. ఆమె పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. మిగిలింది ఒకే ఒక్క ఫోటో. అట్టకు అంటించిన నలుపు తెలుపు ఫోటో, అరచేతిలో సగం కూడా ఉండదు.

రుక్మిణమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి పనులు మొదలుపెట్టే ముందు, ముత్తైదువగా పోయిన పెద్దామె పటం ముందు కొత్త చీర పెట్టి పూజ చేయడం వాళ్ల ఇంటి పద్ధతి. ఆ ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇంత చిన్నదాని ముందర చీర పెడితే చీరే కనిపిస్తాది గానీ అమ్మ కనిపించదన్నా. మనిషి మొహం ఎంతుంటాదో అంత పెద్దగా గీసియ్యి."

"ఎప్పటి ఫోటో అమ్మా ఇది?"

"నేను పుట్టిన తొమ్మిదో దినం తీయించినారంట. ఆ దినమే పోయింది. ఆయమ్మకు ముందే తెలిసిందేమో చూడన్నా."

ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది... అది అడగడమే నా ఉద్యోగం. ఆరోజు అడగలేదు.

ఫోటో మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి దానిమీద గళ్లు గీసుకుని, కాగితం మీద అవే గళ్లు పెద్దవి చేసి, వారం రోజుల్లో బొమ్మ పూర్తిచేశాను. రుక్మిణమ్మ వచ్చి చాలాసేపు చూసింది.

"అమ్మే. అంతా అమ్మే. కానీ యాడో చూస్తాండాదన్నా. నన్ను చూడ్లేదు."

నాకు కొంచెం చివుక్కుమంది. అది కనిపెట్టి నవ్వింది. "మీ పేపర్లో వార్త మాదిరి ఉండాది. అన్నీ సరిగ్గానే ఉంటాయి, మనకే ఏమీ అర్థం కాదు." తర్వాత నవ్వు ఆపేసి, నెమ్మదిగా అంది. "కండ్లు తెరిచి నన్ను ఒకసారన్నా చూసిందో లేదో, చెప్పేవాళ్లు ఎవరూ లేరన్నా. నా బిడ్డ పెండ్లికన్నా చూడనీ."

పూజ శుక్రవారం పొద్దున ఆరింటికి. గురువారం రాత్రి బొమ్మను సరిచేయడానికి కూర్చున్నాను. నా భార్య సర్జాపురలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లింది. రుక్మిణమ్మ తెచ్చిపెట్టిన ఫ్రేమూ అద్దమూ గోడకు ఆనించి ఉన్నాయి.

ముందు భూతద్దంతో ఫోటో చూశాను. పాతకాలం స్టూడియోల్లో ఫోటో కడిగాక కుంచెతో మెరుగులు దిద్దేవాళ్లు. ఈ ఫోటో దిద్దినవాడు మొద్దు చేయి మనిషి అనిపించింది. బొట్టు మరీ పెద్దది. నుదుటి మధ్య అంత గుండ్రటి నల్లటి బొట్టు ఎవరు పెట్టుకుంటారు? కంటిపాపలో మెరిసే తెల్లచుక్క ఒక కంట్లో ఎడమ వైపు ఉంది, రెండో కంట్లో కుడి వైపు ఉంది. వెలుతురు రెండు పక్కల నుంచి ఎలా వస్తుంది? చెవి కమ్మల కింది బుట్టలు భుజాల వైపు వేలాడకుండా వెనక్కి, మెడ వైపు వాలి ఉన్నాయి. గాలికి ఊగి ఉంటాయనుకుని మొదటిసారే వాటిని కిందికి వేలాడేట్టు గీసేశాను. ఇక బొట్టు చిన్నది చేసి, చుక్కలు సరిచేస్తే చూపు కుదురుతుందనుకున్నాను.

పదకొండున్నర దాటింది. కింద తోపుడుబళ్ల చప్పుడు ఆగిపోయింది. ఫ్రిజ్ గురగురలాడి ఊరుకుంది. బొట్టును రబ్బరుతో మెల్లగా తుడిచాను. కాగితం తెల్లబడింది. అక్కడ కందిగింజంత బొట్టు పెట్టాను. బాగుంది. ఇక చుట్టూ నుదుటి నీడ కలపాలి. పెన్సిల్ పక్కకు వాల్చి తేలిగ్గా రుద్దడం మొదలుపెట్టాను.

ఒక వంపు తేలింది...

సన్నటి గీత. చెరిపిన బొట్టు జాడ అనుకున్నాను. మళ్లీ తుడిచాను. మళ్లీ రుద్దాను. ఈసారి వంపు కాదు. పూర్తి వలయం. దానికి మందపాటి అంచు ఉంది. అంచు లోపల ఏవో ఉబ్బెత్తు గుర్తులు కూడా లేస్తున్నాయి...

చిన్నప్పుడు అందరం చేసిన పనే. రూపాయి బిళ్ళ మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే బిళ్ళ అచ్చు పైకి వస్తుంది. అచ్చం అలాగే ఉంది.

కాగితం ఎత్తి చూశాను. కింద ఏమీ లేదు. బోర్డు మీద అరచేయి పెట్టి అంతా తడిమాను. నున్నగా ఉంది. ఫోన్ లైట్ వేసి ఏటవాలుగా చూశాను. గీత కూడా లేదు. కాగితం తీసుకెళ్లి వంటింటి గ్రానైట్ బండ మీద పరిచాను. ఒక మూల రుద్దాను... మామూలు నీడ. బుగ్గ మీద రుద్దాను... మామూలు నీడ. నుదుటి మీద పెన్సిల్ పెట్టాను. గరగరమనే శబ్దం ఒక్కచోట మారింది.

టిక్.

ఆగాను. మళ్లీ జరిపాను.

టిక్... వలయం అంచు తగిలినప్పుడల్లా అదే శబ్దం. పెన్సిల్ మొన లోహానికి తగిలినట్టు. కాగితం చదునుగానే ఉంది. నుదుటి మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది. బండ చల్లదనం కావచ్చు. బుగ్గ మీద వేలు పెట్టాను. అక్కడ చల్లగా లేదు.

మా పూజ డబ్బాలో పాతకాలం పెద్ద రూపాయి ఒకటి ఉంది. ఎందుకు తీశానో చెప్పలేను. తెచ్చి వలయం మీద పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

అప్పుడు అర్థమైంది. అక్కడే వంటింటి స్టూలు మీద కూర్చున్నాను. మనిషి పోగానే నుదుటి మీద రూపాయి బిళ్ళ అంటించడం మనవైపు ఉన్నదే. కమ్మలు గాలికి ఊగలేదు. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది, అందుకే వెనక్కి వాలాయి. ఆ కళ్లు... కళ్లు ఆమెవి కావు. బతికుండగా ఫోటో లేనివాళ్లకు పోయాక తీయించి, మూసిన రెప్పల మీద స్టూడియోలో కళ్లు గీసి ఇచ్చేవాళ్లని ఎప్పుడో విన్నాను. స్టూడియో అతను బిళ్ళను బొట్టుగా దిద్దేశాడు. ఆ దినమే ఫోటో, ఆ దినమే చావు. చావే ముందు.

ఇందాకటి నుంచి మొద్దు చేయి అని తిట్టుకున్న ఆ మనిషి గుర్తుకొచ్చాడు. ఆ ఇంట్లో తొమ్మిది రోజుల బిడ్డ ఉందని అతనికి ఎవరో చెప్పే ఉంటారు. పెద్దయ్యాక అడుగుతుందని చెప్పి ఉంటారు.

చూసింది చూసినట్టు గీస్తే కళ్లు మూయాలి. ఉద్యోగంలో ఉండగా ఎవరైనా అడిగితే అదే చెప్పేవాణ్ణి. పెన్సిల్ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి ఆ వలయం నిండా నలుపు నింపాను. అతను పెట్టినంతే పెద్ద బొట్టు. నింపుతున్నంతసేపూ టిక్ టిక్‌మంటూనే ఉంది. చివరి తెలుపు మూసుకోగానే ఆగిపోయింది... తర్వాత కాగితం శబ్దం తప్ప ఇంకేమీ లేదు. రెండు కళ్లలోనూ తెల్లచుక్క ఒకే వైపు, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసేట్టు పెట్టాను. అద్దం బిగించేసరికి నాలుగున్నర.

ఆరు కాకముందే రుక్మిణమ్మ వచ్చింది. తలకు తుండు చుట్టుకుని ఉంది. పటం ముందు నిలబడింది. రెండడుగులు ఎడమకు జరిగింది. రెండడుగులు కుడికి జరిగింది.

"చూస్తాండాదన్నా," అంది. "యాడికి పోయినా నన్నే చూస్తాండాది."

పటం ఎత్తి ఆమె చేతికిచ్చాను. బిళ్ళ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

కింద వాళ్లింట్లో పటం పెట్టి, కొత్త చీర, పూలు, తాంబూలం ముందర ఉంచారు. రుక్మిణమ్మ ఎడమ చేతి వేళ్లు అద్దం మీద ఆనించి, కుడి చేతి ఉంగరపు వేలితో తల్లి నుదుటి మీద కుంకుమ అద్దింది. చప్పున ఆ వేలు వెనక్కి తీసుకుంది. నా వైపు తిరిగింది.

"ఇక్కడ మాత్రం ఇంత చల్లగా ఉండాదేమన్నా?"

"అద్దం కదమ్మా," అన్నాను.

"ఓ, అద్దం," అని తలూపి కర్పూరం వెలిగించింది.

ఆ తర్వాత అదే బోర్డు మీద, అదే బండ మీద ఎన్నో కాగితాలు పెట్టి రుద్ది చూశాను. ఏమీ తేలలేదు. నిద్ర చాలక అలా అనిపించి ఉండవచ్చు. ఫోటోలో నా కళ్లు ముందే పసిగట్టినదాన్ని చేయి తర్వాత గీసి ఉండవచ్చు. ఎవరైనా అడిగితే ఇవే చెబుతాను. కానీ ఆ పొద్దున ఆమె ఎడమ చేతి వేళ్లన్నీ అదే అద్దం మీద ఉన్నాయి. చల్లగా తగిలింది మాత్రం బొట్టు మీద పెట్టిన ఆ ఒక్క వేలికే.