పులుపు లేని చింతచిగురు

కల్వకుర్తి దారిలో కొత్తగా పెట్టిన, జిన్ను అనే సారా కాచే కంపెనీలో నా భర్తకు పని దొరికిన రోజు, దేవునికి కృతజ్ఞత చెప్పాలో వద్దో తెలియక మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాను. వలస పనుల్లో తాగి తాగి రక్తం కక్కుకున్న మనిషి ఆయన. మళ్లీ తాగితే బతకడని దవాఖానలో చెప్పారు. బాప్తిస్మం తీసుకున్నాక ముట్టలేదు. కానీ ఇటుకలు మోసే బలం పోయింది. మా తెలకపల్లిలో వేరే పని ఇచ్చేవాళ్లు లేరు.

అక్కడ చేసేది మామూలు జిన్ను కాదు. ఎక్కడి నుంచో తెప్పించిన జునిపర్ కాయలతో పాటు నల్లమల సుగంధి వేర్లు, మన చింతచిగురు స్పిరిట్‌లో నానబెట్టి, కాచి, ఆ ఆవిరిని చల్లార్చి పడతారు. ఆకు ఎంత వేయాలో రుచి చూసి చెప్పడం ఆయన పని. ఆయన నోట పెట్టకుండా ఖాళీ దగ్గుమందు సీసాలో కొంచెం పోసుకుని ఇంటికి తెచ్చాడు.

"నువ్వు జూడు. నాతోని గాదు," అని సీసా నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగాడు.

వాక్యం చదివే నాలుక మీద వేసుకున్నాను. మొదట కర్పూరం నమిలినట్టు చల్లటి మంట. తర్వాత సుగంధి, వాన పడ్డ మట్టిలోంచి అప్పుడే తవ్విన వేరులా, కొంచెం తియ్యగా. ఉమ్మేశాక గొంతు వెనక చింతచిగురు పచ్చివాసన. అందులో అడవి ఉంది, మా వంటిల్లు ఉంది. కంపు కొడితే అసహ్యించుకోవడం సులువయ్యేది. బాగుంది కాబట్టే భయమేసింది.

ఒక్కటే లోటు అనిపించింది. "పులుపే లేదు. ఇంక జర ఆకు ఎయ్యి," అన్నాను. పప్పులో పులుపు చాలకపోతే ఇంకో పిడికెడు చిగురు వేస్తాం కదా. ఆయన వేసి, మళ్లీ సీసాలో తెచ్చాడు. పులుపు రాలేదు. మళ్లీ వేయమన్నాను.

చివరికి కాచిన సరుకంతా గడ్డి వాసన కొట్టింది. నేను సద్ది తీసుకెళ్లేసరికి యజమాని ఆయన ముందు గ్లాసు పెట్టి నిలబడ్డాడు.

"నా ముందర తాగి చెప్పు, గిదేం రుచి?"

"తాగు అన్నా, పాస్టరుకు మేం జెప్పంలే," అని బట్టీ చూసేవాడు నవ్వాడు.

ఆయన వేళ్లు గ్లాసు చుట్టూ బిగిశాయి. ఇష్టంగానే నోటి వైపు ఎత్తాడు. నేను గ్లాసు లాక్కుని నోట్లో పోసుకున్నాను. అక్కడ ఉమ్మే చోటు లేదు, మింగాను.

"సారూ, రుచి జూసింది నేను. తప్పు నాది. గాయనకు ఏం తెల్వదు."

సారు కోపం దిగినట్టే అన్నాడు: "అమ్మా, ఆవిరిల వాసన వస్తది గానీ పులుపు రాదు. ఎంత ఆకేసినా రాదు." తర్వాత ఆయన వైపు తిరిగి, "రేపటి సంది రాకు," అన్నాడు.

బస్సులో ఆయన పని పోయిన మాట ఎత్తలేదు. నా చెవి దగ్గరకు వంగాడు.

"ఎట్లుండె? మంచిగుండెనా?"

నేను కిటికీ వైపు తిరిగాను.

"మాట్లాడకు పో. జర ఊపిరి ఇడువు, అంతే," అన్నాడు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ప్రభువా అని పిలవడానికైనా నోరు తెరవలేదు. తెలకపల్లి వచ్చేదాకా నా గొంతులో సుగంధి తియ్యగానే ఉంది.