అక్క టైపు చేసిన జోలపాటలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రేపల్లె నుంచి రోజూ పాసింజరు బండిలో తెనాలి వెళ్లి, ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. నాకు పని నేర్పింది అక్కడి ముస్లిం అమ్మాయి. నాకంటే ఐదారేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. శుభలేఖలో ఒక్క వత్తు పక్కకు జరిగినా ఒప్పుకునేది కాదు.

బాపట్ల నుంచి ఒక లెక్చరర్ గారు తన పుస్తకం టైపు చేయించుకోవడానికి వచ్చేవారు. అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ అంటే ఆయనకు ప్రాణం. సీడీలు తెచ్చి ఇచ్చేవారు. మా ఫాంటులో తెలుగు పైకి కనిపించడమే గానీ ఫైల్లో ఉన్నవన్నీ ఇంగ్లీషు గుర్తులేననీ, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌కి మారమనీ చెప్పేవారు. ఒకసారి మార్చి చూశాం. వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి.

"ఆ ఫాంటు లేనిచోట ఇది ఎవరు చదువుతారమ్మా?" అన్నారాయన.

"అక్షరం అందంగా ఉండాలి సార్. తెరిచి చదవడానికి నేనున్నానుగా" అంది అక్క.

నేను అక్క వైపే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్క తన సొంత ఫైలు తెరిచేది. వాళ్లమ్మ పాడే ఉర్దూ జోలపాటల్ని తెలుగు అక్షరాల్లో ఎక్కించుకునేది. ఉర్దూ మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు తనకి. పాట పూర్తయ్యాక సన్నగా పాడి వినిపించేది. సెంటరు పూర్తిగా ఎత్తేస్తున్నప్పుడు ఆ ఫైలు రెండు సీడీల్లో వేసి ఒకటి నాకిచ్చింది, తనది పాడైతే నా దగ్గరుంటుందని.

నాకు బాపట్లలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లు ఫోన్లు చేసుకున్నాం. తర్వాత అక్క నంబరు పనిచేయడం మానేసింది. ఒకరోజు బెంగగా అనిపించి ఆఫీసులో సీడీ పెట్టాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు. ఒక్క పాటా లేదు. మా పాత ఫాంటు ఎక్కడ అడిగినా దొరకలేదు.

లెక్చరర్ గారింటికి పట్టుకెళ్లాను. నేను ముందే చెప్పాను కదా అని ఆయన అనలేదు. అక్క ఎప్పుడో ప్రింటు తీసిచ్చిన ఒక పేజీ నా దగ్గరుంటే, దాన్ని పక్కన పెట్టుకుని ఏ గుర్తుకి ఏ అక్షరమో రాసుకున్నాం. రెండు ఆదివారాలు పట్టింది. ఆయన చిన్న ప్రోగ్రామ్ రాసి నడిపారు. మొదటి పాట తెలుగులో కనిపించగానే అక్క గొంతు చెవిలో పడ్డట్టయింది. కళ్లు తుడుచుకుంటుంటే ఆయన మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లారు.

పాటలన్నీ ప్రింటు తీయించి, ఆ కాగితాలు తీసుకుని తెనాలి వెళ్లాను. అక్క వాళ్లింట్లో ఎవరో కొత్తవాళ్లున్నారు. పక్కింటి పిన్నిగారిని అడిగితే, వాళ్లమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేశారని, ఎటు వెళ్లారో తెలియదని చెప్పింది.

మూడో పాటలో ఒక మాట దగ్గర ఖాళీ గడి మిగిలిపోయింది. ఆ గుర్తు మా పేజీలో లేదు. ఊహించి ఏదో ఒక అక్షరం పెడదామా అన్నారు లెక్చరర్ గారు. వద్దన్నాను. అది అక్కని అడగాలి.