పాలపళ్ళ వేరేమైందని అడిగిన వైద్యుడు

మొన్న బందరు నుంచి ఉదయపు బండిలో దిగిన మా తమ్ముడు ఇంటికి పోకుండా నేరుగా గుడివాడలో నేను పనిచేసే బడికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అక్కయ్యా, డాక్టరుగారు పోయారు" అన్నాడు. ఏ డాక్టరుగారని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఒకరే అర్థం. బందరు ఈడేపల్లిలో నలభై ఏళ్ళకు పైగా పసిపిల్లలకు వైద్యం చేసిన సదాశివరావుగారు దివంగతులైనారన్న వార్త చెవిన పడినా చాలాసేపు మనసుకు ఎక్కలేదు.

ఆయన మందుల మహిమ చెప్పగలవారు బందరు నిండా ఉన్నారు. నేను చెప్పదలచినది ఆయన జిజ్ఞాసను గురించి. అది నా నోటితోనే మొదలైంది.

నాకప్పుడు ఆరేళ్ళు దాటాయి. కింది పాలపన్ను ఒకటి కదలక మెదలక ఉండగానే దాని వెనక మరో పన్ను మొలిచింది. మా మామ్మ చూసి హడలిపోయింది. "రెండు వరసలు రాక్షసులకు వస్తాయిరా, ఆడపిల్లకు వస్తే ఎలా?" అని నాన్నగారి ప్రాణం తీసి, నన్ను డాక్టరుగారి దగ్గరికి ఈడ్చుకుపోయింది. ఆయన మద్రాసులో చదువు ముగించుకుని కొత్తగా వచ్చిన యువకులు. వెనక పన్ను అదనంగా వచ్చిందనుకుని నేర్పుగా తీసేశారు. మామ్మ మనసు కుదుటపడింది. కొన్నాళ్ళకు ముందున్న పాలపన్ను కూడా ఊడిపోయింది. ఆ చోట కొత్త పన్ను వస్తుందని అందరమూ ఎదురుచూశాము. రాలేదు.

అమ్మ నన్ను తీసుకువెళ్ళి అడిగితే ఆయన చాలాసేపు చూసి పంపించేశారు. ఆ సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. హైస్కూలులో లెక్కలు చెప్పే మా నాన్నగారు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేష్టారూ, తప్పు నాదండీ. నేను తీసింది అదనపు పన్ను కాదు. జీవితమంతా ఉండవలసిన పన్ను. ఇక అక్కడ మరొకటి రాదు."

లోపలి నుంచి మామ్మ అంది, "పోనీలే నాయనా, పీకమని నేనేగా నీ ప్రాణం తీశాను."

"మీరు పీకమన్నారు. చదువుకున్నది నేను కదండీ!"

ఆ రోజు నుంచి ఆయనకు పిల్లల పళ్ళు ఒక తపస్సు అయినాయి. జ్వరమని వచ్చిన పిల్ల కూడా నోరు తెరిచి చూపించనిదే బయటికి పోయేది కాదు. మా వైపు ఊడిన పన్నును పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసరడం ఆచారం. "కప్పుకెందుకర్రా పళ్ళు? నాకు తెచ్చిపెట్టండి, పటికబెల్లం ఇస్తాను" అని ఆయన వీధి పిల్లలందరికీ ప్రకటించారు. పేడతో సహా తెచ్చిచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. ఆయన భార్య కామేశ్వరమ్మగారు ముక్కు మూసుకునేవారు. ఆయన మాత్రం వాటిని శుభ్రంగా కడిగి, గాజు సీసాలో వేసి, తీరిక దొరికితే అరచేతిలో పోసుకుని పరీక్షించేవారు.

ఒకసారి బండి మీద నుంచి పడి పాలపన్ను ఊడిన పిల్లవాణ్ణి తెచ్చారు. గాయానికి కట్టు కట్టాక ఆయన ఆ పన్నుకేసి చూసి ఉలిక్కిపడ్డారు. దానికి పొడుగాటి వేరుంది! సీసాలో ఉన్నవాటికి వేళ్ళు లేవు. "వేరేమైంది? మింగేశారా, కరిగిందా?" అని కనిపించిన వారినల్లా అడిగారు. కింద నుంచి వచ్చే పన్నే పాతదాని వేరును కరిగిస్తుందనీ, కొత్తది పక్కదారిన వెనక నుంచి వస్తే పాతది కదలకుండా కూర్చుంటుందనీ చివరికి ఊహించారు. తరువాత మద్రాసు నుంచి తెప్పించుకున్న ఒక గ్రంథంలో అదే కనిపించింది. ఇంకొకరైతే నిరుత్సాహపడేవారు. ఆయన, "హమ్మయ్య! నా ఒక్కడికే తోచిందేమోనని భయపడి చచ్చాను" అన్నారు.

నాకు పన్నెండేళ్ళు వచ్చిన ఏట, నాగాయలంక అవతలి పల్లె నుంచి మంగమ్మ అనే ఆమె కృష్ణపాయ దాటి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త సముద్రం మీద వేటకు పోయేవాడు. పిల్లకు కింద రెండు పళ్ళ వెనక రెండు పళ్ళు వచ్చాయి. ఆ నెలలోనే తండ్రి పడవ అలల్లో తిరగబడి, మనుషులు చావు తప్పి బయటపడ్డారు. దానికీ దీనికీ ఊరివాళ్ళు ముడిపెట్టారు.

"వెనకయ్యి పీకెయ్యండి బాబుగారూ. పీకకుండా తీసుకెళ్తే మా ఆయన గుమ్మం తొక్కనియ్యనన్నాడండి."

డాక్టరుగారు పీకనన్నారు. ఆమె, అయితే కంసాలి పట్టకారుతోనే పీకిస్తానని లేచింది. అప్పుడు ఆయన మా ఇంటికి కబురంపారు. నేను వెళ్ళగానే, "అమ్మడూ, నీకిష్టమైతేనే సుమా. ఈమెకు నోరు తెరిచి చూపిస్తావా?" అన్నారు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునే వయసు నాది. ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని వణుకుతోంది. నోరు తెరిచాను.

మంగమ్మ ఆ సందులో వేలు పెట్టి చూసింది. "ఈ పని ఎవరు చేశారండి?"

"నేనే" అన్నారు ఆయన.

"మరి తమరి మాట ఎట్టా నమ్మేదండి?"

"నమ్మొద్దమ్మా. నాలుగు వారాలు ఇక్కడే ఉండి, నీ కళ్ళతో నువ్వే చూడు."

ఆమె బందరు పక్కనే గిలకలదిండిలో అక్క ఇంట్లో ఉండిపోయింది. రోజూ ఉదయం పిల్లను తెచ్చేది. డాక్టరుగారు దోరజామకాయ చేతికిచ్చి ముందు పళ్ళతో కొరకమనేవారు. ఒక పాలపన్ను జామకాయలోనే ఊడి వచ్చింది. రెండోది ఎంతకీ కదలలేదు. దాన్ని ఆయనే తీయవలసి వచ్చింది. తీసేది ముందుదో వెనకదో మంగమ్మను వేలితో చూపించమని, ఆమె చేత "ముందుదేనండి" అనిపించాకే పట్టకారు అందుకున్నారు. ఆయన నుదుట చెమట పట్టడం నేను చూశాను. వారాలు గడిచేకొద్దీ వెనక పళ్ళు మెల్లగా ముందుకు జరిగాయి. "నాలుకే తోస్తోంది చూడు!" అని ఆయన పసిపిల్లవాడిలా సంబరపడ్డారు.

తండ్రి కోపంగా వచ్చి కూతురి గడ్డం ఎత్తి చూశాడు. "ఆ పళ్ళు ఇయ్యేనా?"

"ఇయ్యే. ఒక్కటి కూడా పోలేదు" అంది మంగమ్మ.

అతను కూతుర్ని భుజం మీదికి ఎత్తుకున్నాడు. ఆ తరువాత దివిసీమ నుంచి రెండు వరసల పిల్లలు ఎంతమంది వచ్చారో! వారిలో ఎవరికీ రావలసిన పన్ను పోలేదు.

కిందటి సంక్రాంతి సెలవులలో చూడబోతే ఆయన నోట పళ్ళే లేవు. ఎలా భోజనం చేస్తున్నారని అడిగాను. "భోజనానికేం గానీ అమ్మడూ, మనిషికి మూడో వరస ఎందుకు రాదో ఎవరైనా ఆలోచించారా?" అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు.

తెలియనిది తెలియదని చెప్పి, తెలిసేదాకా నిద్రపోని ఆ పుణ్యమూర్తికి నా కన్నీటి నమస్కారం. నిన్న బందరు వెళ్ళి కామేశ్వరమ్మగారి పక్కన కూర్చున్నాను. ఆమె నెమ్మదిగా చెప్పారు: "ఆయన పోయిన రోజు పొద్దున కూడా పక్కింటి పిల్లని పిలిచి నోరు తెరవమన్నారమ్మా. ఏదో చూసి, ఓహో అన్నారు. ఏమిటండీ అంటే, స్నానం చేసి వచ్చి చెబుతానన్నారు."

స్నానాల గదిలోనే ఆయన ఒరిగిపోయారట. ఆ పిల్లను నేనూ పిలిచి, వెలుతురులో నిలబెట్టి, ఎంతోసేపు చూశాను. నాకేమీ కనిపించలేదు.