నల్లబల్ల మీద మూడో వరుస

పెరట్లో దొండాకు దూస్తే వేళ్లకు అంటే పచ్చి వాసనకు మామూలు మనుషులకు వేపుడు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం విడవలూరు అవతల, సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న మా బడి వరండా గుర్తుకొస్తుంది. అక్కడి నల్లబల్లకు బొగ్గుపొడి, దొండాకు రసం కలిపి పట్టించేవారు. ఆ పని ఎవరికీ అప్పజెప్పకుండా తానే చేసుకున్న మనిషి శేషాచలం మాస్టారు. పిల్లలకు చరిత్ర చెప్పేవారు. బి.ఏ. ముగించి, లోకంలో తెలుసుకోవలసిందేమీ మిగల్లేదన్న నమ్మకంతో నేను ఆయన కింద అసిస్టెంటుగా చేరాను. ఆ నమ్మకం మధ్యాహ్నం దాకా నిలిచింది.

మాస్టారికి ఒక అలవాటు ఉండేది. రోజూ మొదటి గంట కొట్టేలోపు, ఆ తేదీన గతంలో జరిగిన సంగతుల్ని వరండా బల్ల మీద మూడు వరుసల్లో రాసేవారు. మొదటిది లోకం, రెండోది దేశం, మూడోది మన ఊరు. మూడింటికీ ఒకే సైజు అక్షరాలు. జూలై పధ్నాలుగున పారిస్ జనం జైలు కోటను పట్టుకున్న సంగతి పైన ఉంటే, మా బడి ప్రహరీ కూలిన సంగతి కింద ఉండేది. ప్రహరీ కూలడం వెనక ఒక గేదె తప్ప మరే ఆశయమూ లేదు.

"రెండింటికీ ఒకటే మర్యాదా సార్?" అన్నాను.

"గోడ పడితే లేచే దుమ్ము యాడైనా ఒకటే గదయ్యా" అన్నారు.

ఒకసారి నా పుట్టినరోజు అడిగి తెలుసుకొని, తన దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశారు. చివరికి, రోగి బంధువులతో మాట్లాడే డాక్టరు గొంతుతో, "నీ తేదీన చెప్పుకోదగ్గదేదీ తగల్లేదయ్యా" అన్నారు. ఖాళీయేనా అని అడిగాను. "ఖాళీ తేదీ అనేది ఉండదు. మనం ఎవరినీ అడగని తేదీ ఉంటది. ఇంకా చూస్తా" అన్నారు. నేనేమో చేరిన పూటే ఆశ వదులుకునే రకం. ఆయన అలా కాదు. మూడో వరుస కోసం ఇల్లిల్లూ తిరిగి అడిగేవారు. ఊళ్లో తేదీలు చెప్పేవారు తక్కువ. పెద్ద గాలివాన ఏడు, రెండో కోత అయిన పున్నమి, ఇలా చెప్పేవారు. ఆయన పాత పంచాంగాలు ముందేసుకొని ఆ పున్నమిని తేదీలోకి దించేవారు.

అలాగని తెలిసే రమణమ్మ ఒకరోజు బడికి వచ్చింది. సముద్రం ఒడ్డు పాళెంలో ఉండేది. రోజూ చేపల గంప నెత్తిన పెట్టుకొని మా గేటు ముందు నుంచే పోయేది.

"గోడ పడింది కూడా రాస్తుండారంట గదా సామీ. మా ఆయన సంగతి రాస్తారా?"

"ఏ రోజమ్మా?"

"దీపావళి ముందు రోజు. కొత్త రాష్ట్రం వచ్చిందని ఆ పొద్దు బళ్లో పిల్లోళ్లకు లడ్లు పంచినారు. మావోడు సగం తిని సగం నాకు తెచ్చిచ్చినాడు. ఆయనొస్తే పెడదామని గూట్లో పెట్టినా. తెప్ప రాలా."

మాస్టారు పాత పంచాంగం తీసి చూశారు. తర్వాత, "తిథి చూస్తే దీపావళి చతుర్దశి, తేదీ చూస్తే రాష్ట్రం పండగ. ఎట్ట చూసినా ఊరంతా తీపి తినే రోజేనమ్మా నీకు" అన్నారు.

"అదే గదా సామీ. ఆ రోజు ఆయన పేరెత్తితే అందరూ నోరు ముయ్యమంటారు. ఆయన్ను కన్నతల్లి, మా అత్తే ముయ్యమంటది. ఒక్క పూటన్నా ఆ పేరు యాడో ఒకచోట ఉండాల."

"ఉంటది" అన్నారు మాస్టారు.

ఆ ఏడు నవంబరు ఒకటిన బళ్లో రాష్ట్ర అవతరణ వేడుక. ముఖ్య అతిథి ఆ ప్రాంతపు పెద్దమనిషి. ఆయన ఒక మాటంటే మాస్టర్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా ఎగరవలసిందే. బల్ల మీద పై వరుసలో, 1755లో లిస్బన్ నగరంలో భూకంపం వచ్చి సముద్రం ఊరి మీద పడటం. రెండో వరుసలో, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ. మూడో వరుసలో, అదే రోజు సముద్రం మీద చేపల వేటకు పోయిన పోలయ్య తిరిగి రాకపోవడం.

పెద్దమనిషి బల్ల ముందు ఆగారు. "ఇదేందయ్యా శేషాచలం? పండగని పిలిచి చావు కబురు చూపిస్తావా? ఆ కింద వరస తుడిపెయ్."

హెడ్మాస్టరు నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను. అక్కణ్ణుంచి సముద్రం కనబడదు. అయినా చూశాను.

మాస్టారు డస్టరు తీసి, తాంబూలం ఇచ్చినట్టు రెండు చేతులతో ఆయనకు అందించారు. "మూడూ ఒక్క రోజువే గదండీ. తుడిస్తే మూడూ పోవాల. నాకు చెయ్యి రావడం లేదు. తమరే పైనుంచి మొదలుపెట్టండి."

పెద్దమనిషి పట్టుదల గల మనిషి. ఒక్క ఊపున లిస్బన్‌ను తుడిచేశారు. పోర్చుగల్ నుంచి అభ్యంతరమేమీ రాలేదు. రెండో వరుస దగ్గర చెయ్యి ఆగింది. బడంతా చూస్తోంది. రాష్ట్రం పండగనాడు రాష్ట్రాన్ని ఎలా తుడుస్తారు?

"ఎవురీ పోలయ్య?" అన్నారు చివరికి, కొంచెం తగ్గి.

"నా మొగుడయ్యా" అంది రమణమ్మ, గేటు దగ్గర నుంచి.

ఆయన డస్టరు కింద పెట్టి వేదిక ఎక్కారు. చాలాసేపు మాట్లాడారు. అది మాకు పడిన శిక్ష. మాస్టారి శిక్ష వేసవి సెలవుల తర్వాత వచ్చింది, సూళ్లూరుపేటకు బదిలీ రూపంలో. బస్సు ఎక్కేటప్పుడు ఆయన నాకు ఉపదేశమేదైనా ఇస్తారని ఎదురుచూశాను. "దొండాకు ఎక్కువ పొయ్యబాక. సుద్ద జారద్ది" అన్నారు.

మళ్లీ నవంబరు ఒకటి వచ్చింది. మూడు వరుసలూ నేనే రాశాను, లిస్బన్‌తో సహా. రమణమ్మ వచ్చి గంప దించింది.

"మా ఆయన యాడుండాడు సార్?"

"మూడో వరుసమ్మా."

ఆమెకు చదువు రాదు. సుద్ద చెరగకుండా, బల్లకు తగలకుండా, ఆ వరుస మొదటి నుంచి చివరి దాకా గాల్లోనే వేలు నడిపింది. పిల్లలకు పంచుతున్న లడ్లలో ఒకటి ఆమె చేతిలో పెట్టాను. రెండుగా విరిచి, సగం నోట్లో వేసుకుంది. మిగతా సగాన్ని బల్ల కింద సుద్దముక్కలు పెట్టే చెక్క మీద పెట్టి, గంప ఎత్తుకొని వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఎవరింట ఏ శుభానికి లడ్డు చేతిలో పెట్టినా సగమే తింటాను. చక్కెర జబ్బుకు భయపడి అనుకొని మా డాక్టరు మెచ్చుకుంటారు. ఆయన్ను అలాగే అనుకోనిచ్చాను.