జపాను క్యాసెట్లో చూడకుండా మిగిలిన పేర్లు

మొన్న ఢిల్లీ ద్వారకలో నా రిపేరు దుకాణానికి ఒకాయన కాలిపోయిన అడాప్టర్ తెచ్చి బల్లమీద పెట్టాడు. వేడెక్కిన ప్లాస్టిక్, లోపల ఇరుక్కున్న దుమ్ము, అడుగున సన్నగా రాగి వాసన. "ఠీక్ హో జాయేగా, భయ్యా?" అని, బాగవుతుందా అని ఆయన అడుగుతుంటే, నేను దాన్ని ఖర్బూజా కొనేవాడిలా ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మా ఇంటి టీవీ గేము అడాప్టరు అచ్చం ఇదే వాసన వేసేదని, ఆ వాసన రాగానే "ఇక ఆపండి, దానిక్కూడా జ్వరం వచ్చింది" అని మా అమ్మ అరిచేదని ఆయనకెలా తెలుస్తుంది?

తొంభైలలో మేం ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మావాళ్ళది బాపట్ల వైపు. నాన్న ట్రాక్టర్ విడిభాగాల ఫ్యాక్టరీలో, అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఎండాకాలం మధ్యాహ్నాలు లూ అనే వడగాలి తలుపు సందుల్లోంచి ఈల వేస్తూ దూరేది, కూలరు తడిగడ్డి వాసన గదంతా పరుచుకునేది, అమ్మ ఇక్కడి కాయలతో ఆవకాయ పెట్టి "ఢిల్లీ నీళ్ళు తాగి మామిడికాయ కూడా పులుపు మర్చిపోయింది" అని దాన్నే తిట్టేది. చలికాలం రజాయిలో కాళ్ళు దూర్చి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, పొట్టు అందులోనే రాల్చి తన్నులు తినేవాళ్ళం. క్రిస్మస్‌కి అరిసెలూ గులాబీ పువ్వులూ పెట్టిన పళ్ళెం కింది పంజాబీ ఆంటీకి ఇస్తే, ఖాళీ పళ్ళెం పంపడం మర్యాద కాదని ఆవిడ గాజర్ హల్వా పెట్టిచ్చేది. పైకి వచ్చేసరికి ఆ హల్వా ఎంత తరిగేదో మెట్లకే తెలుసు. చదువు సంగతంటారా, తొమ్మిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం మర్యాదగా వదిలేసుకున్నాం.

ఆ రోజుల్లో టీవీ గేమంటే పరిగెత్తడం, గెంతడం, గుంటలో పడి చావడం. అంతే. అలాంటి సమయంలో నాన్న ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి జపాను నుంచి ఒక ఇంజనీరు గారు వచ్చారు. వచ్చీ రాగానే బజార్లో గోల్‌గప్పాల మీద, అంటే మన పానీపూరీల మీద మనసుపడి, సరాసరి అమ్మ వార్డులో తేలారు. అమ్మ ఆయనకి గంజి తాగించి, కసిరి, బతిమాలి, మనిషిని నిలబెట్టింది. తర్వాత ఆయన ఊరెళ్ళి వస్తూ, వాళ్ళబ్బాయి పెద్దవాడై పక్కన పడేసిన గేము క్యాసెట్ ఒకటి మాకు తెచ్చిచ్చారు. మా లోకల్ గేము డబ్బాలో అది చక్కగా కూర్చుంది.

అందులో గెంతడం లేదు. బొటనవేలంత వీరుడొకడు ఊళ్ళమ్మట తిరుగుతాడు, కనబడ్డ ప్రతి మనిషి ముందూ ఆగుతాడు, మీట నొక్కితే ఆ మనిషి మాట్లాడతాడు. మాట్లాడేది జపాను అక్షరాల్లో. మాకు ఒక్క ముక్క తెలియదు. అప్పుడు మా అక్క నిర్మల ఆ ఊరి జనానికంతటికీ గొంతు అరువిచ్చింది. సత్రం యజమాని మా చర్చి కోశాధికారిలా నసిగేవాడు, రాజుగారు నాన్నలా జీతం రాలేదనేవాడు, బావి దగ్గర ముసలావిడైతే "నా కోడలికి పులుసు పెట్టడం రాదు బాబూ" అని ఎప్పుడు నొక్కినా అదే గోల. ఆవిడ నిజానికి గుహకు దారి చెబుతోందని నాకు ఈ మధ్యనే తెలిసింది. ఆ గుహ కోసం మేము వారాల తరబడి వెతికాం.

అక్కకి ఆట గెలవడం కంటే ఇంకోటి కావాలి. ఒక ఇంటి వెనక, ఎవరూ పోనవసరం లేని మూల, ఒకే ఒక్క ఎర్ర పువ్వు ఉండేది. "ఇది ఊరికే వచ్చిందంటావా? ఎవరో కూర్చుని, కావాలని పెట్టుంటారు. ఎవరై ఉంటార్రా?" అనేది. నాన్ననడిగితే, "ఎవరేంటే, ఫ్యాక్టరీలో చేస్తారు, మూడు షిఫ్టుల్లో" అని తేల్చేశాడు. కింది పంజాబీ ఆంటీ కొడుకు బంటీ మాత్రం, ఇలాంటి ఆటల్లో చివరి రాక్షసుడు చచ్చాక, చేసినవాళ్ళ పేర్లన్నీ తెరమీద వస్తాయన్నాడు. అక్కకి గుంటూరులో నర్సింగు సీటొచ్చింది, జూన్‌లో రైలు. ఎక్కేలోపు ఆ పేర్లు చూసి తీరాలంది.

"చదవలేవుగా?" అన్నాను.

"పెళ్ళికొచ్చినవాళ్ళందరి పేర్లూ తెలుసా? అయినా చూడమా?"

ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టడానికి క్యాసెట్లో చిన్న బ్యాటరీ ఉండేది. దానికో మడి ఉంది. ఒక వేలితో రీసెట్ నొక్కి పట్టుకునే రెండో చేత్తో స్విచ్చి ఆపాలి, లేకపోతే దాచినదంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. ఇంజనీరు గారు సెలవు తీసుకోడానికి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, గుత్తొంకాయ తిన్న చేయి కడుక్కుని మరీ చేసి చూపించారు. ఆనాటి నుంచి నొక్కడం నా పని, ఆపడం అక్క పని.

శనివారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఆ శనివారం మేం గుహ మధ్యలో ఉన్నాం, అక్కడ దాచుకోవడం కుదరదు. టీవీ ఆపి, డబ్బా మాత్రం నడుస్తుండగానే పైన లేసు గుడ్డ కప్పి, చాపలు పరిచాం. పాటలు నడిపించే ఆనందరావు అంకుల్ కీబోర్డు పట్టుకొచ్చి, ప్లగ్గు కోసం వెతికి, మాది పీకేశాడు.

"అంకుల్!" అని అక్క కేక.

"ఊరికే లైటు వెలుగుతుంటే తీశానమ్మా, కరెంటు దండగ," అన్నాడాయన, పుణ్యం చేసిన మొహంతో.

కూడిక కాగానే పెట్టి చూస్తామా, ఊళ్ళు లేవు, కత్తి లేదు, వీరుడు మళ్ళీ అమ్మ ఒళ్ళో నిద్ర లేస్తున్నాడు. అది ముందే తెలిసిన అక్క పాటల పొడుగునా కన్నీళ్ళు కారుస్తూ పాడితే, పిల్లలో ఆత్మ కదిలిందని ఆంటీలు మురిసిపోయారు.

రైలు దగ్గర పడుతోంది. మొదటినుంచీ మొదలెట్టాం. దారి తెలుసు కనుక ఈసారి ఎవరితోనూ ముచ్చట్లు లేవు, కోడలి గోల కూడా వినలేదు. అక్క ప్రయాణం రోజు మధ్యాహ్నం, పెట్టెలు గుమ్మంలో ఉండగా, రాక్షసుడు చచ్చాడు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు కిందనుంచి పైకి మెల్లగా కదిలాయి. ఎప్పుడూ వినని పాటొకటి మొదలైంది. అక్క లేచి నిలబడి, ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో పెద్దలకి పెట్టినట్టు, ఒక్కొక్క పేరుకీ చేతులు జోడించింది.

"వందనాలు అంకుల్. వందనాలు. వందనాలు ఆంటీ."

"ఆంటీ అని నీకెట్టా తెలుసే?"

"ఆ పువ్వు పెట్టింది ఈవిడే. నోర్మూసుకో."

పాట పైకెక్కుతుండగా కరెంటు పోయింది. కింద ఆటో హారను. అక్క వెనక్కి తిరిగి తిరిగి నల్లటి తెరనే చూస్తూ మెట్లు దిగింది. "మిగతావాళ్ళని నువ్వు చూసి చెప్పరా," అంది. నేను ఒంటరిగా ఆ రాక్షసుడి చేతిలో ఎన్నిసార్లు చచ్చానో చెప్పను. పైగా గొంతు లేని ఊళ్ళో తిరగడం మహా విసుగు. కొన్నాళ్ళకి బ్యాటరీ కూడా కన్నుమూసింది.

ఇప్పుడు ఆ క్వార్టర్స్ లేవు, కూలరు గడ్డి వాసన లేదు, భాష రాని ఆటని ఆడే ఓపిక మా అక్క కొడుక్కి లేదు. వాడు ఫోన్లో ఇంగ్లీషులో ఆడి, పేర్లు రాగానే స్కిప్ నొక్కేస్తాడు. అడాప్టరాయన వెళ్ళాక నేను ఆ ముగింపుని ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, గుంటూరులో వార్డు డ్యూటీలో ఉన్న అక్కకి ఫోన్ చేసి వినిపించాను. పాట ఎక్కడ తెగిందో ఇద్దరికీ గుర్తే. అక్కణ్ణుంచి వచ్చిన పేర్లు కింద ఇంగ్లీషులో కూడా ఉంటే, కూడబలుక్కుని చదివాను. షిఫ్టులూ లేవు, సైరనూ లేదు. ఆట చేసింది ఒక చిన్న గదిలో కొద్దిమంది కుర్రాళ్ళట. ఆఖరున ఒకే ఒక పేరు మిగిలింది.

"ఈయనేం చేశాడు?" అంది అక్క.

"ఆట మొత్తం పదే పదే ఆడి, ఎక్కడ తప్పుందో చెప్పేవాడంట."

"జీతమిచ్చి ఆడించారా?"

"ఆఁ."

అవతల ఎవరో సిస్టర్ సిస్టర్ అని పిలుస్తున్నారు. అక్క ఫోను పెట్టలేదు.

"ఆ పేరు ఇంకోసారి చదువు," అంది.